కంపెనీ అంటే ఎవరు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఆడవాళ్ల నోట 'కంపెనీ' అంటే బీడీ కంపెనీయే. మనల్నేలిన ఈస్టిండియా కంపెనీ, ఊరూరా తిరిగిన నాటకాల కంపెనీ, 'కాస్త కంపెనీ ఇవ్వు' అనే స్నేహం, అన్నిటికీ ఇదే మాట. దాని లాటిన్ మూలానికి అర్థం కలిసి రొట్టె తినేవాళ్లని. (ఆడది చివరన తినే మన ఇళ్లకు ఆ లెక్కన కంపెనీ అన్న పేరు చెల్లదు!)

మరి తునికాకు, తంబాకు ఇంటికి తెచ్చుకుని వెయ్యి బీడీలకింతని కూలికి చుట్టే స్త్రీ ఆ పంక్తిలో ఉందా? ఇంట్లో చుట్టినా ఆమె కార్మికురాలేనని 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఒప్పుకుంది. అయినా రిజిస్టరులో పేరెక్కని స్త్రీ ప్రావిడెంట్ ఫండ్ అడిగితే, కంపెనీ మనిషివి కావన్న జవాబే. బాగాలేవని ఏరేసిన ఆమె బీడీలు మాత్రం కంపెనీవే, వాటికి కూలి లేదు.