కోర్టు హాల్లో కూర్చుని చదువుదాం

విజయవాడ, గుంటూరు, బందరు కాలేజీల్లో లా చదువుతున్నవాళ్లకూ, ఏనాడూ కోర్టు గడప తొక్కనివాళ్లకూ చెబుతున్న మాట ఇది.

1630 జూన్. ఇటలీలోని మిలాన్ నగరం ప్లేగుతో అల్లాడుతోంది. ఒక వానపొద్దున గుల్యెల్మో పియాత్సా అనే ఆరోగ్య శాఖ ఉద్యోగి తడవకుండా గోడ వారగా నడుస్తూ, వేళ్లకంటిన సిరాను గోడకు తుడుచుకున్నాడట. కిటికీలోంచి చూసినామె విషం పూస్తున్నాడంది. వీధంతా గోలెత్తింది. చిత్రహింసలకు తట్టుకోలేక అతను జాన్‌జాకొమో మోరా అనే క్షురకుడి పేరు చెప్పాడు. మోరా చేసిందల్లా ప్లేగుకు మందని ఒక లేపనం తయారుచేయడమే. ఇద్దర్నీ చంపేశారు. మోరా ఇల్లు కూల్చి, ఆ 'నేరం' చాటుతూ అక్కడ స్తంభం నిలబెట్టారు. 1778లో గానీ అది పడిపోలేదు.

ఆ ఊళ్లోనే పుట్టిన చెజారె బెకారియా 1764లో నేరాలు, శిక్షల గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. కొట్టి ఒప్పిస్తే ఒళ్లు గట్టి దోషి బయటపడతాడు, బలహీనుడైన నిర్దోషి చిక్కుకుంటాడు అన్నాడు. మరణశిక్ష వద్దన్నాడు. శిక్ష ఘోరంగా ఉండనక్కర్లేదు, తప్పకుండా, త్వరగా పడితే చాలన్నాడు.

స్తంభం కథను 1840ల్లో మళ్లీ చెప్పినవాడు బెకారియా మనవడు, నవలా రచయిత మాన్జోనీ. తప్పంతా హింసను ఒప్పుకున్న చట్టానిదని అంతకుముందు బెకారియా మిత్రుడు పియెత్రో వెర్రి వాదించాడు. మాన్జోనీ ఒప్పుకోలేదు. ఆ చట్టంతోనే న్యాయమూర్తులు నిజం తెలుసుకోగలిగేవారు, కానీ జనం ఒక దోషి కావాలంటున్నారు కాబట్టి తెలుసుకోదలచలేదు అన్నాడు. మన డెల్టాకు కావలసిన పాఠం ఇదేనని నా నమ్మకం.

2007 డిసెంబరు 27న ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. మరుసటి ఏడాది ఆగస్టులో ఒక పేద యువకుణ్ణి అరెస్టు చేసి, నేరం ఒప్పుకున్నాడని ప్రకటించారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి మాత్రం ఇతను కాదు, ఇతను కాదు అంటూనే వచ్చింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా వదిలి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. అప్పటికి ఎనిమిదేళ్లు జైల్లో పోయాయి. తనకు తాను వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాలని ఏ నిందితుణ్ణీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20(3) అధికరణం 1950 నుంచీ చెబుతూనే ఉంది. ఇదంతా జరిగింది చట్టం లేక కాదు. అరెస్టును అనుమానించినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. వాయిదాలకు వెళ్లి కూర్చున్నవాళ్లు ఎందరు?

చుండూరునూ తలచుకోండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పడానికి 2007 వచ్చింది. 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు నిందితులందర్నీ వదిలేసింది. తప్పకుండా, త్వరగా అన్న బెకారియా మాట అక్కడ ఏ పక్కన నిలబడి చూసినా గుండెలో గుచ్చుకుంటుంది.

మరి మనమేం చేయగలం? కాలువల మీద పడవలో పుస్తకాలు పంపిన నేల మనది. పాతూరి నాగభూషణం గారు ఆ పని చేసి చూపించారు. మనం ఈ మాత్రం చేయలేమా? ప్రతి ఊళ్లో పదిమంది కలవండి. ఆదివారం పూట లైబ్రరీలో బెకారియా అధ్యాయం ఒకటి తెలుగు చేసి పైకి చదవండి. దాని పక్కనే మన హైకోర్టు తీర్పు ఒకటి పెట్టుకోండి. కోర్టు విచారణ సాధారణంగా అందరికీ తెరిచి ఉండేదే. వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి. సాక్షి ఏం చెప్పాడో, లాయరు ఏం అడగలేదో నోట్‌బుక్కులో రాసుకోండి. వరండాలో నిందితుడి అమ్మ ఎటు పోవాలో తెలియక నిలబడి ఉంటే, న్యాయ సేవాధికార సంస్థ గది దాకా తోడు వెళ్లండి. స్తోమత లేకున్నా, జైల్లో ఉన్నా ఉచితంగా లాయరు సాయం పొందే హక్కు తన కొడుక్కుందని ఆమెకు చెప్పండి, దరఖాస్తు రాసి పెట్టండి, వచ్చే వాయిదాకు మళ్లీ వెళ్లండి.