కడుపుతో ఉన్నవాళ్ళకి టీకా అంటే ఎందుకంత భయం?

"కడుపుతో ఉంది, ఇప్పుడు టీకాలూ గీకాలూ ఎందుకు, డెలివరీ అయ్యాక చూసుకోవచ్చులే." ఈ మాట ఇళ్ళలోనే కాదు, ఆఫీసు లంచ్ టేబుళ్ళ దగ్గర కూడా వినబడుతుంది. మంచి ఉద్దేశంతో అనేదే. కానీ ఏమీ చెయ్యకపోతే ఏ రిస్కూ ఉండదనే లెక్క తప్పని నా అభిప్రాయం.

గర్భిణికి ఇమ్యూనిటీ పడిపోతుందంటారు. నిజానికి పడిపోదు, సెట్టింగులు మారతాయి. బిడ్డ జీన్స్‌లో సగం తండ్రివి, అంటే తల్లి ఒంటికి సగం పరాయివే. వాటి మీద దాడి చెయ్యకుండా శరీరం సర్దుకుంటుంది. బిడ్డకి గ్లూకోజ్ అందాలని మాయ నుంచి వచ్చే హార్మోన్లు తల్లిలో ఇన్సులిన్ పనిని తగ్గిస్తాయి. పెరిగే గర్భసంచి ఊపిరితిత్తులకి చోటు తగ్గిస్తుంది. ఇలాంటప్పుడు ఫ్లూ వస్తే ఆయాసం ముదురుతుంది, షుగర్ ఇంకా పెరగొచ్చు. వైరస్ బిడ్డదాకా వెళ్ళకపోయినా, తల్లి జబ్బు వల్లే నెలలు నిండకుండా కాన్పు కావచ్చు. 2009 స్వైన్ ఫ్లూ అప్పుడు అమెరికా జనాభాలో గర్భిణులు సుమారు 1 శాతం, చనిపోయినవాళ్ళలో మాత్రం 5 శాతం!

ఇక కోవిడ్. మనదేశంలో టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి. గర్భిణులకి అనుమతి వచ్చింది జులై 2న. మధ్యలోనే సెకండ్ వేవ్ వచ్చి వెళ్ళింది. కారణం? మొదటి ట్రయల్స్‌లో వాళ్ళని చేర్చుకోలేదు. డేటా లేదు కాబట్టి టీకా వద్దు, టీకా వెయ్యలేదు కాబట్టి డేటా లేదు. మన భాషలో సర్క్యులర్ డిపెండెన్సీ. కాపాడదామని పెట్టిన రూలే వాళ్ళని గాలికొదిలేసింది.

విచిత్రమేంటంటే, మన అమ్మలందరూ కడుపుతో ఉండగా టీటీ ఇంజక్షన్ వేయించుకున్నవాళ్ళే. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని 2015లో మనదేశం నిర్మూలన స్థాయికి తెచ్చిందంటే అందులో దాని పాత్ర పెద్దది. ఫ్లూ టీకా కూడా అంతే. తల్లి యాంటీబాడీలు మాయ దాటి బిడ్డకి చేరతాయి. ఆరు నెలల్లోపు పిల్లలకి ఫ్లూ టీకా వెయ్యరు కాబట్టి వాళ్ళకి ఆ రక్షణ తల్లి నుంచే రావాలి.

అన్ని టీకాలూ వేసేయమని కాదు. రుబెల్లా, చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకాలు గర్భానికి ముందే, కనీసం నెల గ్యాప్‌తో వేయించుకోవాలి. ఏది ఎప్పుడన్నది డాక్టరు చెప్తారు. మనం చెయ్యాల్సిందల్లా అడగడం. హోమ్‌లోన్‌కి పది బ్యాంకులు తిరిగే మనం, ఈ ఒక్క ప్రశ్న అడగలేమా?