రెక్కల మీది పనిమంతురాళ్లు

1920ల నాటి మూకీ ఫిల్మ్ ముక్క ఒకటి ఇప్పటికీ చూడటానికి దొరుకుతుంది. రెండంతస్తుల రెక్కల విమానం ఒకటి గాల్లో ఉంది. దాని చక్రాల్లో ఒకటి లేదు. అలాగే దిగితే బోల్తా పడటం ఖాయం. ఇంతలో మరో విమానం దాని దగ్గరికి వస్తుంది. ఆ విమానం పై రెక్క మీద, వీపుకి చక్రం కట్టుకుని ఒక యువతి నిలబడి ఉంటుంది. రెండు విమానాలూ చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి రాగానే ఆమె ఎదుటి రెక్కను పట్టుకుని అటు ఎక్కేస్తుంది. అక్కడి నుంచి పాకుతూ విమానం కడుపు కిందికి దిగి, ఇరుసు దగ్గర కాళ్లు మెలేసి కుదురుకుని, వీపు మీది చక్రం విప్పి బిగిస్తుంది. ఒంటి మీద పారాచూట్ లేదు.

ఆమె గ్లాడిస్ ఇంగిల్. లాస్ ఏంజెలెస్‌లో సినిమాలకూ ప్రదర్శనలకూ పనిచేసిన ‘థర్టీన్ బ్లాక్ క్యాట్స్’ బృందం సభ్యురాలు. ముందే అనుకుని కెమెరా కోసం చేసిన విన్యాసమే అది. అయినా ఆ ఎత్తు, ఆ గాలి, చెయ్యి జారితే చావు తప్పదన్న సంగతి నిజం. ఎగిరే విమానం పై రెక్క మీద నిలబడి బాణాలు వేయడం కూడా ఆమె చేసేది. ఇంగిల్ ఎనభై ఏళ్లు దాటి బతికింది.

ఇలాంటి స్త్రీల గురించి ఎప్పుడు రాసినా వారి ధైర్యం గురించే రాస్తారు. వారు పనిలో ఎంత నేర్పరులో ఎవరూ రాయరు. వారిని విమానయాన చరిత్రలో కార్మికులుగా, నిపుణులుగా లెక్కించకపోవడం వారికి జరిగిన పెద్ద అన్యాయం.

ఆ పనిలో ఏముందో చూస్తే ఈ మాట ఎందుకో తెలుస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా తన పైలట్లకు శిక్షణ ఇవ్వడానికి కర్టిస్ జెన్నీ అనే విమానాలను వేల సంఖ్యలో చేయించింది. యుద్ధం ముగిశాక వాటిని చవగ్గా అమ్మేసింది. కొలువు పోయిన పైలట్లు అవి కొనుక్కుని ఊరూరా తిరిగి జాతర్లలో ఆటలు చూపించారు. తొంభై హార్స్ పవర్ ఇంజిను, కొయ్య చట్రం, దాని మీద బిగించి రంగు పూసిన గుడ్డ. విమానమంటే అంతే. రెక్క మీద నడిచేవాళ్లు లోపలి కొయ్య దూలం ఎక్కడుందో చూసుకుని దాని మీదే అడుగు వేయాలి, పక్కన వేస్తే కాలు గుడ్డను చీల్చుకుని పోతుంది. పై రెక్కకూ కింది రెక్కకూ మధ్య నిలువు కర్రలు, అడ్డదిడ్డంగా లాగి కట్టిన తీగలు ఉంటాయి. చేతికి ఆసరా అవే. మనిషి రెక్క చివరికి వెళ్లేకొద్దీ విమానం ఆ పక్కకు ఒరుగుతుంది, పైలట్ దాన్ని సరిదిద్దుతూ ఉండాలి. రేడియో లేదు, ఇంజిను హోరులో కేక వినపడదు. ముందే అనుకున్న సైగలు, ఒకరి పని మీద ఒకరికి గురి, వీటితోనే బతికి కిందికి దిగాలి.

లిలియన్ బోయర్ షికాగోలో ఒక హోటల్లో వడ్డన చేసేది. 1921లో ఆ హోటల్‌కి వచ్చేవాళ్లు విమానం ఎక్కుతావా అని అడిగితే సరేనంది. రెండోసారి ఎక్కినప్పుడే రెక్క మీదికి వచ్చేసింది. ఆ తర్వాత పైలట్ బిల్లీ బ్రాక్‌తో కలిసి సాధన చేసి, అదే జీవనోపాధి చేసుకుంది. ఒంటి చేత్తో రెక్క నుంచి వేలాడటం, పరుగెత్తే కారులో నిలబడి పైన విమానం నుంచి వేలాడే తాడు నిచ్చెన అందుకోవడం ఆమె ప్రత్యేకతలు. నలభై ఒక్క రాష్ట్రాల్లోనూ కెనడాలోనూ 352 ప్రదర్శనలు, కారు నుంచి విమానానికి 143 మార్పిళ్లు, 37 పారాచూట్ దూకుళ్లు ఆమె ఖాతాలో చెబుతారు. కారు డ్రైవరు వేగం, పైలట్ ఎత్తు, నిచ్చెన ఊపు, మూడూ ఒక్క క్షణంలో కలవాలి. ఒకసారి చేస్తే అదృష్టం అనుకోవచ్చు. నూట నలభై మూడు సార్లు చేసిన మనిషిది నేర్పు కాక మరేమిటి?

ఇది ధర్మానికి చేసిన పని కూడా కాదు. గ్లాడిస్ రాయ్ అనే ఆమె రెక్క మీద చార్ల్‌స్టన్ నృత్యం చేసేది, ఐవాన్ ఉంగర్‌తో కలిసి రెక్క మీద టెన్నిస్ ఆడుతున్నట్టు ఫొటో దిగింది. మొదట్లో ఒక్కో ప్రదర్శనకు వందల డాలర్లు వచ్చేవి. జనానికి మొహం మొత్తేకొద్దీ కూలి పడిపోయింది. కూలి తగ్గేకొద్దీ ఇంకా ప్రమాదకరమైనది చూపించాల్సి వచ్చింది. ఆ రోజుల్లో ఈ పనిలో ఉన్నవాళ్లందరినీ ఈ చక్రమే తిప్పింది. 1927లో ఒహాయో రాష్ట్రంలోని యంగ్స్‌టౌన్‌లో, నేల మీద నిలిచి ఉన్న విమానం దగ్గర తిరుగుతున్న ప్రొపెల్లర్ తగిలి రాయ్ చనిపోయింది.

వీరికంటే ముందే టైనీ బ్రాడ్‌విక్ ఉంది. ఉత్తర కరోలినాలో పత్తి మిల్లులో పనిచేసిన పేదింటి పిల్ల. పదిహేనేళ్లకే బెలూన్ నుంచి దూకడం మొదలుపెట్టింది. 1913లో విమానం నుంచి పారాచూట్‌తో దూకిన తొలి మహిళ అయింది. మరుసటి ఏడాది శాన్‌డియాగోలో అమెరికా సైన్యానికి పారాచూట్ ఎలా పనిచేస్తుందో చూపిస్తుండగా, విమానానికి కట్టిన తాడు చిక్కుకుపోయింది. ఆమె ఆ తాడు కోసేసి, తన చేత్తోనే పారాచూట్ విప్పుకుని క్షేమంగా దిగింది. పైలట్ విమానం వదిలి దూకి బతకవచ్చని సైనికాధికారులు కళ్లారా చూసింది ఆమె వల్ల. దీన్ని సర్కస్ అని పక్కన పెట్టడం ఎలా?

ఇక చట్టం సంగతి. అమెరికాలో 1926లో వాయు వాణిజ్య చట్టం వచ్చింది. విమానాలకు తనిఖీలు, పైలట్లకు లైసెన్సులు, తక్కువ ఎత్తులో ఎగరడం మీద ఆంక్షలు ఒకటొకటిగా వచ్చాయి. 1929 నాటికి లిలియన్ బోయర్ ఈ పని మానేసింది. ఆ నియమాలు అవసరమే. అవి రాకముందు ఎంతమంది యువకులూ యువతులూ నేలరాలారో తెలిసిన ఎవరూ వాటిని తప్పుపట్టరు. తప్పు ఆ తర్వాత జరిగింది. రెక్క మీది పని మూసేసిన వ్యవస్థ ఆ స్త్రీలకు కాక్‌పిట్ తలుపు తెరవలేదు.

ఎలెన్ చర్చ్ నర్సు, విమానం నడపడం కూడా వచ్చు. 1930లో బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్‌కి వెళ్లి పైలట్ పని అడిగింది. అది ఇవ్వలేదు. ప్రయాణికులను చూసుకోవడానికి నర్సులను పెట్టుకోమని ఆమె సూచించింది, అది నచ్చింది. అలా తొలి ఎయిర్‌హోస్టెస్ అయింది. 1934 చివర్లో హెలెన్ రిచీని సెంట్రల్ ఎయిర్‌లైన్స్ పైలట్‌గా తీసుకుంది. పైలట్ల సంఘం ఆమెకు సభ్యత్వం ఇవ్వలేదు, వాతావరణం బాగాలేనప్పుడు ఆమె నడపకూడదని ఒత్తిళ్లు వచ్చాయి. ఏడాది తిరక్కుండానే ఆమె రాజీనామా చేసింది. అమెరికాలో పెద్ద విమాన సంస్థ మళ్లీ ఒక స్త్రీని పైలట్‌గా తీసుకోవడానికి 1973 వరకూ ఆగాల్సి వచ్చింది. రెక్క అంచున ఒంటి చేత్తో వేలాడిన స్త్రీలను డబ్బిచ్చి చూసిన దేశంలోనే మబ్బు పడితే ఆడమనిషి విమానం నడపలేదన్నారు. ఆ మాటకు అప్పుడూ ఆధారం లేదు, ఇప్పుడూ లేదు.

ఈ అడ్డంకులన్నీ దాటిన మనిషి ఒకరు ఉన్నారు, ఫీబీ ఓమ్లీ. స్కూలు చదువు పూర్తయ్యాక, వారసత్వంగా వచ్చిన డబ్బుతో సొంతంగా జెన్నీ విమానం కొన్నది. రెక్కల మీద నడిచింది, 1921లో 15,200 అడుగుల నుంచి దూకి మహిళల్లో రికార్డు నెలకొల్పింది. తనను ఎగరేసిన పైలట్ వెర్నన్ ఓమ్లీనే పెళ్లి చేసుకుంది. ఇద్దరూ మెంఫిస్‌లో స్థిరపడి విమానాలు నడపడం నేర్పారు. 1927లో అమెరికా ప్రభుత్వం నుంచి ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సు పొందిన తొలి మహిళ ఆమె. విమాన మెకానిక్ లైసెన్సు కూడా సాధించింది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ హయాంలో ప్రభుత్వంలో పనిచేస్తూ, దారి తప్పిన పైలట్లు పైనుంచి చదువుకునేలా ఇళ్ల కప్పుల మీద ఊళ్ల పేర్లు పెద్ద అక్షరాలతో రాయించే పథకం నడిపింది. ఆ పనికి మహిళా పైలట్లనే పెట్టుకున్నారు, వారిలో హెలెన్ రిచీ కూడా ఉంది. మెంఫిస్ విమానాశ్రయం కంట్రోల్ టవర్‌కి ఈనాడు ఓమ్లీ దంపతుల పేరే ఉంది. ఆమె మాత్రం 1975లో లేమిలో, ఎవరికీ పట్టకుండా చనిపోయింది.

మన దగ్గరా ఇదే కథ నడిచింది. వాణిజ్య పైలట్ లైసెన్సు పొందిన తొలి భారతీయ మహిళగా పేరున్న ప్రేమ్ మాథుర్‌ను విమాన సంస్థలు వరసగా వద్దన్నాయి. చివరికి పని ఇచ్చింది హైదరాబాద్ దక్కన్ ఎయిర్‌వేస్. అక్కడ ఆమె కో‌-పైలట్. 1949లో జాతీయ విమాన పోటీ గెలిచిన మనిషి ఆమె. నేడు మహిళా పైలట్ల శాతంలో భారత్ ప్రపంచ సగటు కంటే ఎంతో ముందుంది. బేగంపేటలో విమానం నడపడం నేర్చుకోవడానికి వచ్చే తెలుగు అమ్మాయిలకు రైట్ సోదరులతో పాటు బ్రాడ్‌విక్, ఓమ్లీ, ప్రేమ్ మాథుర్ పేర్లు కూడా పాఠంలోనే చెప్పాలి, మహిళా దినోత్సవం నాటి ప్రత్యేక పేజీలో కాదు.