లోపల ఇద్దరు, వెలుపల ఇద్దరు

పర్మనెంటు ఉద్యోగి, పర్మనెంటు కాని ఉద్యోగి పక్కపక్కన నిలబడి ఒకే పని చేసేచోట వారిని ఒక్కటిగా నిలిపి ఉంచేది ఏమిటి? రైల్వే, తపాలా ఉద్యోగులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. డిపార్టుమెంటు ఉద్యోగి పక్కన గ్రామీణ డాక్ సేవక్, ట్రాక్‌మన్ పక్కన కాంట్రాక్టు కార్మికుడు పనిచేయడం మనం నిత్యం చూస్తున్నదే. ఇదే ప్రశ్న ప్రతి దినం ప్రాణాల మీదికి వచ్చే వృత్తి ఒకటి ఉన్నది. అమెరికాలోని చిన్న పట్టణాల అగ్నిమాపక దళాల అనుభవాన్ని అందుకే ఈ సంచికలో మన సభ్యుల ముందుంచుతున్నాము.

అంతటి సంపన్న దేశంలో మంటలార్పే పని నేటికీ అధికభాగం జీతం లేనివారి భుజాల మీదనే నడుస్తున్నదన్న సంగతి మనలో అనేకులకు ఆశ్చర్యం కలిగించవచ్చు. 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ప్రభృతులు స్థాపించిన దళం, ఇరుగుపొరుగువారు తమ ఇళ్లను తామే కాపాడుకొనేందుకు ఏర్పరచుకొన్నది. జీతమిచ్చి పోషించే దళాలు ఆ తరువాత నూరేళ్లకుగాని రాలేదు. అవి వచ్చినది కూడ ప్రధానంగా పెద్ద నగరాలకే. 2020 లెక్కల ప్రకారం ఆ దేశంలోని సుమారు 10 లక్షల 41 వేల మంది అగ్నిమాపక సిబ్బందిలో 6 లక్షల 77 వేల మంది, అనగా నూటికి 65 మంది, స్వచ్ఛంద సేవకులే. 1984లో వీరి సంఖ్య దాదాపు 8 లక్షల 98 వేలు. సేవకులు తగ్గుతున్నారు, ఆపదలో పిలిచే పిలుపులు మాత్రం అనేక రెట్లు పెరిగినవి. ఈ లోటు పూడ్చుకొనేందుకు చిన్న పట్టణాలు కొద్దిమందిని జీతానికి పెట్టుకొని, మిగిలిన పనికి పాత స్వచ్ఛంద సేవకుల మీదనే ఆధారపడుతున్నవి. ఇట్టివాటినే మిశ్రమ దళాలని పిలుస్తున్నారు.

ఇట్టి దళంలో పగటిపూట స్టేషనులో జీతగాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. సైరన్ మోగగానే బండి బయలుదేరుతుంది. కాని మండుతున్న ఇంటి ముందు దిగిన ఇద్దరు మనుషులు వెంటనే లోపలికి వెళ్లడానికి వీలు లేదు. 1998 నాటి కార్మిక భద్రతా నిబంధన ప్రకారం పొగలోనికి ఇద్దరు కలిసి వెళ్లాలి. వారికేదైనా జరిగితే లాగివేయడానికి మరి ఇద్దరు సర్వసన్నద్ధులై వెలుపల నిలబడి ఉండాలి. లోపల చిక్కుకొన్న ప్రాణాన్ని తక్షణం కాపాడవలసి వచ్చినప్పుడు మాత్రమే దీనికి మినహాయింపు. ముప్పై నిమిషాలకని చెప్పే గాలి సిలిండరు, బరువులు మోస్తూ రొప్పుతున్న మనిషికి అంతసేపు రాదు. మరి వెలుపల నిలబడే ఆ ఇద్దరెవరు? మోటారు షెడ్డులో పాన కింద పడవేసి వచ్చిన మెకానిక్కు. తరగతి మధ్యలో వదలి పరుగెత్తుకొని వచ్చిన బడిపంతులు. నెలజీతం తీసుకొనే ఫైర్‌మన్ ప్రాణం, ఒక్క డాలరు జీతం లేని మనిషి చేతిలో ఉన్నది.

కాబట్టి వెలుపల ఉన్నవానికి ఏమి తెలుసునన్నదే లోపల ఉన్నవానికి అసలు ప్రశ్న. ఇక్కడనే చిక్కు వచ్చిపడుతున్నది. జీతగాళ్లు షిఫ్టులో ఉండగా పగలు శిక్షణ పొందుతారు. స్వచ్ఛంద సేవకులు తమ బ్రతుకుతెరువు ముగించుకొని, వారానికొక రాత్రి వస్తారు. ప్రత్యేకించి ఏర్పాటు చేయకపోతే ఒకే దళంలోని ఇరువురూ ఒకరి పని ఒకరు ఏళ్ల తరబడి చూడకపోవచ్చు. మంచి దళాలు ఈ చిక్కును విప్పిన విధానం చాలా సాదాది. పగలు చేయించిన అభ్యాసాన్నే రాత్రి కూడ చేయిస్తారు. షిఫ్టులో ఉన్నవారు అందులో పాల్గొంటారు. ముసుగుకు గుడ్డ కప్పి, కళ్లు కనపడకుండా, నీటి గొట్టాన్ని తడుముకొంటూ ద్వారం చేరుకోవడం, ఆపదలో రేడియోలో ఏ మాట పలకాలో ఆ మాటే పలకడం, లోపలికి వెళ్లినవారి పేర్లు తప్పక లెక్కపెట్టుకోవడం ఇరువురికీ ఒకే తీరున నేర్పుతారు. పని ముగిసిన తరువాత తడిసిన గొట్టాలను అందరూ కలిసి కడిగి, ఆరవేసి, చుడతారు. ఎదుటివాని పట్టీ బిగువును నాలుగు వారాలు తన చేతితో సరిచూసిన మనిషి వానిని పరాయివాడని అనుకోలేడు. సోదరభావం పుట్టేది ఇట్టి పనిలోనేగాని ఉపన్యాసాలలో కాదు.

ఈ సంగతి విస్మరించినచోట ఏమి జరిగినదో కూడ చరిత్ర చెబుతున్నది. 2013 ఏప్రిల్ 17న టెక్సస్ రాష్ట్రంలోని వెస్ట్ అనే చిన్న పట్టణంలో ఎరువుల గిడ్డంగికి నిప్పంటుకొన్నది. స్వచ్ఛంద దళం మంటలార్పబోయింది. అమ్మోనియం నైట్రేటు పేలి 15 మంది మరణించినారు. వారిలో 12 మంది సహాయానికి వెళ్లినవారే. ఆ రాష్ట్రంలో జీతం తీసుకొనే ఫైర్‌మన్‌కు నిర్ణీత శిక్షణ చట్టరీత్యా తప్పనిసరి. స్వచ్ఛంద సేవకునికి కాదు. అగ్ని మాత్రం మనిషి జీతపు చీటీ చూసి దహించదు. 2001లో న్యూయార్కు రాష్ట్రంలోని లెయిర్డ్స్‌విల్‌లో, కొత్తగా చేరిన స్వచ్ఛంద సేవకుడు నిజమైన మంటతో జరిపిన అభ్యాసంలోనే ప్రాణం కోల్పోయినాడు. శిక్షణ పేరిట నిర్లక్ష్యం జరిగితే అది కూడ హంతకియే. ఇక లోపమంతా జీతం లేనివారిదేనని ఎవరైనా అనుకొంటే పొరపాటు. 2007 జూన్ 18న చార్లెస్టన్ నగరంలో ఒక ఫర్నిచరు దుకాణంలో మరణించిన తొమ్మిదిమందీ పూర్తికాలపు ఉద్యోగులే. అచ్చట కూడ విచారణలు వేలెత్తి చూపినవాటిలో శిక్షణ లోపం ఒకటి.

ఆ దేశపు చట్టంలో ఒక మాట మనం గుర్తుంచుకోదగినది. విధి నిర్వహణలో మరణించిన అగ్నిమాపక సిబ్బంది కుటుంబాలకు కేంద్ర ప్రభుత్వం పరిహారమివ్వాలని 1976లో చేసిన చట్టం, వేతనంతో పనిచేసినా వేతనం లేకుండా పనిచేసినా ఇరువురినీ సమానంగా గుర్తించినది. చావులో సమానత్వాన్ని శాసనం అంగీకరించినది. బ్రతికుండగా ఇవ్వవలసిన శిక్షణలో సమానత్వం మాత్రం అనేక రాష్ట్రాలలో నేటికీ లేదు.

కార్మిక సంఘ దృష్టితో చూసినప్పుడు ఇందులో ఒక జటిలమైన ప్రశ్న ఉన్నదని ఒప్పుకొనక తప్పదు. 1918లో ఏర్పడిన అక్కడి అగ్నిమాపక ఉద్యోగుల సంఘం, తన సభ్యులు సెలవు వేళల్లో వేరొక ఊరి దళంలో ఉచితంగా పనిచేయడాన్ని చాలాకాలం గట్టిగా వ్యతిరేకించినది. ఊరికే దొరికే మనిషిని చూపి పాలకులు ఉద్యోగాలకు కోత పెడతారన్న ఆ భయం నిరాధారమైనది కాదు. చౌక శ్రమ సంగతి మనకు తెలియనిదా? కాని ఉద్యోగాన్ని తగ్గించే నిర్ణయం తీసుకొనేవాడు పాలకుడు. రాత్రిపూట పిలుపు విని పరుగెత్తుకొని వచ్చేవాడు కాదు. పోస్టుల కోసం పాలకునితో పోరాడుతూనే, పక్కనున్నవానికి పని నేర్పవచ్చు. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు.

ఈ విషయంలో మన చేతులు శుభ్రంగా ఉన్నవా? ఇ.డి. ఉద్యోగులది సివిల్ పోస్టేనని 1977లో రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయినా మన సమావేశాలలో వారికి ముందు వరుసలో చోటు దొరకడానికి ఎన్నేళ్లు పట్టినది? 1990లలో ఒక డివిజన్‌లో సేవింగ్సు బ్యాంకు కొత్త నిబంధనలపై శిక్షణ తరగతి జరిగినప్పుడు డిపార్టుమెంటు సిబ్బందిమైన మమ్ములను మాత్రమే పిలిచినారు. కొన్ని నెలలకు ఒక వృద్ధ బ్రాంచి పోస్టుమాస్టరు, లెక్కలో దొర్లిన పొరపాటుకు తన జేబు నుండి డబ్బు కట్టవలసి వచ్చింది. మా శాఖా సమావేశంలో వెనుక బెంచీ నుండి లేచి ఆయన అడిగినది ఒక్కటే మాట: “నాకు చెప్పిందెవరండీ?” పిలువకపోవడం పాలకుల తప్పు. ఆ తరగతికి వెళ్లివచ్చిన మాలో ఒక్కరికైనా ఆయన ఊరికి వెళ్లి చెప్పాలని తోచకపోవడం మా తప్పు. ఆ ప్రశ్నకు ఇన్నేళ్ల తరువాత కూడ ఈ రచయిత వద్ద సమాధానం లేదు.

పట్టాల మీద పరిస్థితి ఇంకను ప్రమాదకరం. వంచిన నడుముతో పనిచేసే గ్యాంగుకు ఈల, జెండా పట్టుకొని కాపుండే లుక్‌ఔట్ మన్ ఎంత ముఖ్యమో ట్రాక్‌మన్ సోదరులకు చెప్పనక్కరలేదు. ఆ ఈల అర్థం తెలియని కాంట్రాక్టు కూలీని పట్టాల నడుమ నిలబెట్టడం, వెలుపల ఇద్దరు లేకుండా మంటలోనికి పంపడం వంటిదే.

కనుక శాఖలకు మన విజ్ఞప్తి స్పష్టమైనది. గ్రామీణ డాక్ సేవకులకు పని వేళలలోనే శిక్షణ ఇవ్వాలనీ, భద్రతా పాఠం చెప్పనిదే ఏ కాంట్రాక్టు కార్మికునీ పట్టాల మీదికి పంపరాదనీ ప్రతి స్థాయిలో డిమాండు చేయవలసి ఉన్నది. ఆ డిమాండు నెరవేరేదాకా చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. ఇకమీదట ఏ తరగతికి వెళ్లివచ్చిన సభ్యుడైనా నెల తిరిగేలోగా ఆ పాఠాన్ని తన పరిధిలోని పర్మనెంటు కాని సోదరులకు చెప్పాలి. చెప్పిన సంగతి శాఖా సమావేశంలో నివేదించాలి. తదుపరి సమావేశపు అజెండాలో దీనిని మొదటి అంశంగా చేర్చవలసిందిగా శాఖా కార్యదర్శులను కోరుతున్నాము.