పాఠం కింద ఒక అనుమతి వాక్యం

షికాగో శివారు షామ్‌బర్గ్‌లోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ వారాంతాల్లో తెలుగు నేర్పే తల్లిదండ్రులు ఆ పని జీతం కోసం చేయడం లేదు. ఉద్యోగాలు ముగించుకుని రాత్రిళ్లు కూర్చుని గుణింతాల పట్టికలు, ఒత్తుల అభ్యాసాలు, బొమ్మల కార్డులు తయారుచేస్తారు. అవి నలుగురికీ ఉపయోగపడాలనే వాళ్ల కోరిక. కానీ ఆ కోరికను కాగితం మీద రాయరు. రాయకపోతే చట్టం సరిగ్గా దానికి వ్యతిరేకమైన అర్థం తీసుకుంటుంది. అమెరికా 1989 మార్చి 1న కాపీరైట్‌పై అంతర్జాతీయ బెర్న్ ఒప్పందంలో చేరింది. ఇప్పుడు కాపీరైట్ గుర్తు వేయకపోయినా, ఎక్కడా నమోదు చేయకపోయినా, రాసిన క్షణం నుంచే రచనపై హక్కులన్నీ రాసినవారివే. వారి తదనంతరం మరో 70 ఏళ్లపాటు వారసులవి. అంటే షామ్‌బర్గ్‌లో ఒక తల్లి తయారుచేసిన ఒత్తుల పట్టికను డాలస్‌లోని మరో బడి మార్చి వాడుకోవాలంటే ఆమెను వెతికి అడగాలి. వెతకడానికి ఆ కాగితం మీద పేరైనా ఉండదు. అందుకే, ప్రవాస తెలుగు బడులు తమ సొంత పాఠాలకు ఓపెన్ లైసెన్సు, అంటే ఎవరైనా వాడుకోవచ్చని ముందే రాసిచ్చే అనుమతి, ఇవ్వాలి. దాని అర్థాన్ని ఉపాధ్యాయులకూ పిల్లలకూ నేర్పాలి. వచ్చే విద్యాసంవత్సరం నుంచే ఇది మొదలుకావాలి.

‘చదువు కోసమే కదా’ అనే మాట మనలో బాగా పాతుకుపోయింది. అందులో కొంత నిజముంది, ఎంతన్నదే మనకు తెలియదు. శంకరంబాడి సుందరాచారి 1977లో కన్నుమూశారు. భారత చట్టం ప్రకారం రచయిత మరణానంతరం 60 ఏళ్లు హక్కు ఉంటుంది కనుక, మన ప్రతి వేడుకలో వినిపించే ఆయన ‘మా తెలుగు తల్లి’ గీతం అక్కడ 2037 చివరిదాకా కాపీరైట్‌లోనే ఉంటుంది. లాభాపేక్ష లేని బడిలో, తరగతి గదిలో ఎదురుగా ఉన్న పిల్లలచేత దాన్ని పాడించడానికి అమెరికా చట్టంలోని 110వ సెక్షన్ అడ్డు చెప్పదు. అదే పాటను వీడియో తీసి యూట్యూబ్‌లో పెడితే ఆ మినహాయింపు వెంట రాదు. ఆన్‌లైన్ తరగతుల కోసం 2002లో తెచ్చిన టీచ్ చట్టం కూడా ప్రభుత్వ సంస్థలకూ, గుర్తింపు పొందిన లాభాపేక్షలేని విద్యాసంస్థలకూ మాత్రమే. ఇక ‘ఫెయిర్ యూజ్’కు నాలుగు కొలతలున్నాయి: ఎందుకు వాడారు, అసలు రచన ఎలాంటిది, ఎంత తీసుకున్నారు, దాని అమ్మకాలకు ఎంత దెబ్బ. ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ను ఆసాంతం స్కాన్ చేసి వాట్సాప్‌లో పంచితే చివరి రెండు కొలతల దగ్గర నిలబడటం చాలా కష్టం. కింద రచయిత పేరు వేశామంటే కుదరదు. పేరు చెప్పడం మర్యాదే, అనుమతి కాదు.

స్వేచ్ఛగా వాడుకునే వీలుంటే భాషకు ఎంత మేలో చూడటానికి దూరం పోనక్కర్లేదు. సి.పి. బ్రౌన్ తెలుగు నిఘంటువు 1903 నాటి కూర్పును షికాగో విశ్వవిద్యాలయమే ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టింది. 2015లో ప్రథమ్ బుక్స్ ప్రారంభించిన స్టోరీవీవర్ వేదికలోని పిల్లల కథలు క్రియేటివ్ కామన్స్ అనే ఓపెన్ లైసెన్సుతో ఉన్నాయి. తెలుగు కథను దించుకోవచ్చు, అచ్చువేసుకోవచ్చు, షామ్‌బర్గ్ పిల్లల స్థాయికి తగ్గట్టు వాక్యాలు కుదించుకోవచ్చు. రాసినవారి, బొమ్మలు వేసినవారి పేర్లూ లైసెన్సూ చెప్పి, మార్పులు చేస్తే ఆ సంగతి రాస్తే చాలు. గురజాడ, గిడుగు పేర్లతో ఉన్న ఫాంట్లు కూడా ఓపెన్ లైసెన్సుతో వచ్చాయి కాబట్టే ఖర్చు లేకుండా పాఠాలు అచ్చువేసుకోగలుగుతున్నాం.

మన పాఠాన్ని ఎవరో అమ్ముకుంటారని కొందరి భయం. వ్యాపారానికి వాడరాదనే షరతు పెట్టుకోవచ్చు. కానీ అప్పుడు ఆ పాఠాన్ని తెలుగు వికీపీడియా తీసుకోదు. మార్చినవారు కూడా అదే లైసెన్సుతో పంచాలనే ‘షేర్ అలైక్’ షరతే మెరుగని మా అభిప్రాయం. అమ్ముకున్నవాడు కూడా దాన్ని తన సొంతం చేసుకోలేడు. తెలుగు రచయితల అంతంతమాత్రపు రాబడికి గండిపడుతుందనే ఆందోళనను తేలిగ్గా తీసుకోలేం. అయితే ఓపెన్ లైసెన్సు రచయిత తనంతట తానిచ్చేది. వాళ్ల పొట్టకొట్టేది అనుమతి లేని పీడీఎఫ్‌లు, ఆ తేడా ఎవరూ నేర్పకపోవడం. రెండు సంగతులు మాత్రం ఉపాధ్యాయులు గుర్తుంచుకోవాలి: ఇచ్చిన లైసెన్సును వెనక్కి తీసుకోలేం. గూగుల్‌లో దొరికిన బొమ్మ అతికించిన పాఠానికి లైసెన్సు ఇచ్చే హక్కు మనకు లేదు.

పిల్లలకు ఈ చదువు వాళ్ల సొంత రచనతోనే మొదలుపెట్టాలి. పన్నెండేళ్ల పాప రాసిన కథ మీద హక్కు ఆ పాపదే, బడిదీ కాదు, తెలుగు సంఘానిదీ కాదు. వార్షికోత్సవ సంచికలో వేసేముందు పాపనూ తల్లిదండ్రులనూ అడగండి. తన కథను ఏ షరతుతో పంచుకోవాలో తననే ఎంచుకోనివ్వండి. సందేహాలుంటే షామ్‌బర్గ్ టౌన్‌షిప్ గ్రంథాలయానికి వెళ్లి అడగండి. ఈ వారం అచ్చువేసే అభ్యాస పత్రం కింద మీ పేరు రాసి, ఈ వాక్యం చేర్చండి: ‘ఈ పాఠాన్ని క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్-షేర్ అలైక్ 4.0 లైసెన్సుతో ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు.’