అరిసెల పొయ్యి దగ్గర ఎందరున్నారు?

డిసెంబరు నెల వచ్చింది. కృష్ణా, గోదావరి డెల్టా గ్రామాలలో సార్వా కోతలు ముగిసి కొత్త ధాన్యం ఇల్లు చేరే కాలమిది. బియ్యమూ బెల్లమూ చేతికందే ఈ రోజులలోనే మన ఇండ్లలో క్రిస్మస్ అరిసెలు వండుకుంటాము. పొరుగువారు సంక్రాంతికి వండుకొనేవీ ఇవే. మన పెద్దలు క్రీస్తును నమ్ముకొన్నప్పుడు పండుగ మారింది గాని, మూకుడూ అరిసెల చెక్కలూ మారలేదు.

ఈ నెల మేము అడగదలచినది చిన్న ప్రశ్న. మీ ఇంట అరిసెలు వండే రోజున పొయ్యి దగ్గర ఎందరు కూర్చుంటారు?

అరిసె ఒంటి చేతి వంట కాదు. వండే తల్లులకు ఈ సంగతి తెలుసు. తినే మనకే సరిగా తెలియదు. బియ్యం ఒక రోజంతా నానబోయాలి, మధ్యలో నీళ్లు మార్చాలి. నీరు వడకట్టి, తడి ఆరకముందే దంచుకోవాలి, లేదా మరకు పట్టుకెళ్లాలి. జల్లించిన పిండి ఆరిపోకుండా అదిమి మూతపెట్టాలి. అసలు పరీక్ష పాకం దగ్గర. చుక్క పాకం చల్లని నీళ్లలో వేస్తే వేళ్ల మధ్య మెత్తని ఉండ కావాలి. లేతగా ఉంటే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే పంటికి లొంగదు. అదను చూచి దించగానే ఒకరు పిండి పోస్తూ ఉండాలి, ఒకరు తెడ్డుతో కలుపుతూ ఉండాలి. రెండు పనులూ ఒక్కరే చేయబోతే పిండి ఉండలు కడుతుంది. ఆ చలిమిడి చల్లారకముందే ఒకరు నువ్వులద్ది ఆకుమీద తట్టాలి, ఒకరు కాగిన నూనెలో వేసి తీయాలి, ఒకరు చెక్కల మధ్య పెట్టి నూనె ఒత్తాలి. లెక్కవేయండి, ముగ్గురికి తక్కువైతే సాగదు.

అయితే పండుగ ముందు గ్రామాలలో ఇండ్లు దర్శించేటప్పుడు మేము చూచేది వేరు. యజమాని చర్చి దగ్గర పందిరి వేయిస్తుంటాడు. కుమారులు నక్షత్రం కడుతుంటారు, లేదా అరుగుమీద సెల్‌ఫోన్ చూస్తుంటారు. ఆడపిల్లలు పాటలు నేర్చుకోవడానికి వెళ్తారు. ఇంటి తల్లి ఒక్కతే పొగలో కూర్చుని ఈ ముగ్గురి పనీ చేస్తుంది. మరునాటి రాత్రి ఆరాధనలో నడుము పట్టుకొని వెనుక కూర్చుంటుంది, కొన్ని ఇండ్లలో అసలు రానే రాదు. క్రిస్మస్ ఆరాధనకు స్త్రీలు ఆలస్యంగా వస్తారని సంఘ పెద్దలు విసుగుకొనడం విన్నాము. ఆ ఆలస్యం ఎవరిది?

లూకా సువార్త 10వ అధ్యాయములోని మార్తను మేము కాపరులము ప్రసంగాలలో ఏటేటా మందలిస్తాము. ప్రసంగము ముగించుకొని ఆమెవంటి వారు వండినదే భుజిస్తాము! యోహాను సువార్త 21వ అధ్యాయము కూడ చదవండి. రాత్రంతా వలలు లాగి అలసిన శిష్యులకు తిబెరియ సముద్రతీరాన నిప్పుల మీద చేప సిద్ధపరచినవాడు పునరుత్థానుడైన ప్రభువే. పొయ్యి దగ్గర కూర్చోవడం మగవారికి నామోషీ అనే మాట విశ్వాసి నోట రాకూడదు.

గట్టిపడే పాకంలో తెడ్డు తిప్పడానికి రెక్కల బలం కావాలి. అది తండ్రి పని. నూనె ఒత్తడం ఎదిగిన కుమారుడు చేయగలడు. చిన్నపిల్లలను నువ్వుల పళ్లెం దగ్గర కూర్చోబెట్టండి గాని మూకుడు దగ్గరకు రానివ్వవద్దు; పాకం ఒంటిమీద పడితే అంటుకొని కాలుస్తుంది. నాయనమ్మ ఉన్న ఇంట పాకం చూచే పెత్తనం ఆమెకే ఇవ్వండి. ఆమె వ్రేళ్లకు తెలిసినది కోడలికే కాదు, మనుమడికి కూడ నేర్పించుకోండి. 24వ తేదీ వరకు ఆగవద్దు. 20వ తేదీన బియ్యం నానబోస్తే 21న వండుకోవచ్చు. బాగా చల్లారాక డబ్బాలో పెట్టిన అరిసెలు పది పదిహేను రోజులు నిలుస్తాయి.

కొట్టులో కొనేవారిని మేము తప్పుపట్టము. భార్యాభర్తలిద్దరూ కూలికి వెళ్లే ఇంట, పిల్లలు దూరాన ఉండగా ముసలివారు ఇద్దరే మిగిలిన ఇంట కొనుక్కోవడమే తెలివి. ఆ ముసలివారి ఇంటికి యౌవనస్థులు నలుగురు ఒక పూట వెళ్లి వండిపెడితే మరీ మంచిది. తుపానుకు పంట పోయిన ఏడు అర్ధకిలో బియ్యంతో సరిపెట్టుకోండి. అప్పు తెచ్చి డబ్బాలు నింపవద్దు. ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అని చేసే అప్పు పండుగ తరువాత ఆరు నెలలు ఇంటిని పీడించడం మేము చూచాము.

ఇంకొక మాట. ఆ యేట మరణం సంభవించిన ఇంట పొయ్యిమీద మూకుడు పెట్టని ఆచారం కొన్ని గ్రామాలలో ఉంది. మీ వీధిలో అటువంటి ఇల్లుంటే, మొదటి వాయి చల్లారగానే ముందు అక్కడికి పంపండి. పిల్లల చేతికిచ్చి పంపేకంటే భార్యాభర్తలు కలిసి వెళ్లి, కాసేపు కూర్చుని రండి. డబ్బా కోసం తొందరపడకండి, సంక్రాంతి దాటాక తెచ్చుకోవచ్చు.