కాళ్ల కింద కుంపటి

మాఘం వెళ్లేసరికి ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లలో పసుపు ఉడకబెట్టి ఆరబోస్తారు. కొమ్ము గలగలలాడాలంటే ఎండ కావాలి గనుక రైతు ఆ ఎండను దీవిస్తాడు. కాని తాతలనాటి కేన్వాసు టాపు జీపులో పిల్లాపాపలతో నిజామాబాదు బయలుదేరిన ఇల్లాలు మాత్రం దీవించదు. టాపు వేస్తే ఉక్క, తీస్తే నెత్తి మాడుతుంది. టాపు మడిచే విదేశీ కారున్న వారి కష్టమూ ఇదే.

అయితే ఒక్క మాట. ఎండ పడేది నెత్తిమీద గదా, కాళ్లు కాలుతున్నాయేం? ఈ ప్రశ్న వేసుకుంటే సగం జవాబు దొరికినట్టే. తగలేసిన పెట్రోలులో బండిని లాగేది కొంతే. మిగిలిన వేడి కొంత రేడియేటరు నీళ్లలోకి, కొంత సైలెన్సరు గొట్టంలోకి పోతుంది. ఆ గొట్టం మన సీటు కిందుగానే వెళుతుంది! ఇంజనుకూ మన కాళ్లకూ అడ్డుగా ఒక రేకు గోడ ఉంటుంది. గోడ అనడం మర్యాదకు, నిజానికి జల్లెడ. పెడళ్లకు, స్టీరింగుకు, తీగలకు తొలిచిన కంతలలో రబ్బరు ఏనాడో ఎండి రాలిపోయి ఉంటుంది.

టాపు తీసి వేగంగా పోతే చల్లబడుతుందని చాలామంది నమ్మకం. ముందు అద్దం మీదుగా గాలి దూసుకుపోతే దాని వెనుక, అంటే మనం కూర్చున్న చోట, గాలి ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు ఇంజను దగ్గరి వేడిగాలిని ఆ కంతల గుండా మనమే లాక్కుంటాం.

కనుక రాత్రిపూట ఇంజను పక్కన ఒక లైటు వెలిగించి బానెట్ మూసి, లోపల చీకట్లో కూర్చోండి. వెలుతురు చుక్కలు కనబడిన చోటల్లా వేడికి దారే. పిల్లలకిది భలే సరదా. కొత్త రబ్బరు వేయించండి, గేరు కడ్డీ అడుగున చిరిగిన తొడుగు మార్పించండి.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, తేలిగ్గా తీసుకోకండి. సైలెన్సరు గొట్టం ఎక్కడైనా తూట్లు పడితే ఆ కంతల్లోంచి వేడితోపాటు కార్బన్ మోనాక్సైడు కూడా వస్తుంది. దానికి రంగూ వాసనా లేవు. ప్రయాణంలో పిల్లలు తలనొప్పి, మగతగా ఉందంటే ఎండ దెబ్బేలే అని మజ్జిగ పట్టించి ఊరుకోవద్దు. బండి ఆపి, అందరినీ దించి, గాలి తగలనివ్వండి. తేరుకోకపోతే డాక్టరుకు చూపండి. గొట్టం బాగయ్యేదాకా మళ్లీ ఎక్కకండి.

కంతలు మూశాక నేలమీద అల్యూమినియం పూతగల పరుపు వేయించవచ్చు. మెరిసే వైపు వేడి దిక్కుకు ఉండాలి, మధ్యన కాస్త గాలి సందు వదలాలి. రేకుకు అదిమి అంటిస్తే ఆ మెరుపు పనిచేయదు. గోనె, ఉన్నిలాంటివి వద్దు. వానకు తడిసి నేలరేకును తినేస్తాయి. పాతకాలపు మేస్త్రీ వేసిన ఆస్‌బెస్టాస్ అట్ట కనబడితే మాత్రం గీకకండి. దాని ధూళి ఊపిరితిత్తులకు చేటు. ఆ పని తెలిసినవారికే వదలండి.

ఇంజనే అతిగా వేడెక్కుతుంటే పరుపులు ఏం చేస్తాయి? బోరునీళ్ల ఉప్పు పేరుకుని రేడియేటరు పూడిపోతుంది. శుభ్రం చేయించి, ఇకమీదట కూలెంటు కలిపిన డిస్టిల్డ్ వాటరే పోయించండి. ఇగ్నిషన్ టైమింగు వెనకబడినా గొట్టం మండిపోతుంది. అదీ చూడమనండి.

ఇక నెత్తిమీది సంగతి. నల్ల కేన్వాసు కింద నాలుగు వేళ్ల ఎడంలో తెల్లబట్ట కట్టించండి, రెండు పొరల పందిరన్నమాట. సీట్ల నల్ల రెక్సిను మీద తెల్లటి నూలు తొడుగులు వేయండి. పక్క తెరలకు తడిపిన వట్టివేళ్ల తడికలు బెజవాడ ఉక్కలో అంతగా పనిచేయవు గాని, ఆర్మూరు పొడి ఎండలో హాయిగా ఉంటాయి. డ్రైవరు చూపుకు మాత్రం అడ్డం రానీయకండి.